పెసల ప్రసాదం తిని గది పోగొట్టుకున్నాను

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దమనిషి ఎవరో గాని, ఆయన జన్మలో ఇల్లు కిరాయికిచ్చి ఉండడు. ఇచ్చి ఉంటే మొదటి రెండూ వదిలేసి ఈ మూడోదాని మీదే పురాణం చెప్పేవాడు. మా ఇంట్లో ఇల్లు కట్టింది మా నాయన, పెళ్ళి చేసింది మా నాయన, గదులు కిరాయికిచ్చిందీ మా నాయనే. చూసింది మాత్రం నేను!

ఈ మధ్య రెండు గదులు ఎక్కువున్న ప్రతివాడూ నా దగ్గరికొచ్చి, "తాతా, కిరాయికి ఇవ్వమంటవా? ఎసుంటోనికి ఇయ్యాలె?" అని సలహా అడుగుతున్నాడు. ముసలివాణ్ణి కదా, తెలుసుననుకుంటున్నారు. నాకు తెలిసింది చెబుతాను. విన్నాక మీరు గదులకు తాళం వేసి, తాళంచెవి ఇంద్రావతిలో పారేసి, ఆ గదుల్లో గడ్డి నింపుకుంటారు. గడ్డి నయం. గడ్డి ఎన్నడూ మిమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వదు.

అప్పటికి బస్తర్ ఇంకా రాజుగారి రాజ్యమే. మేము భోపాలపట్నం వైపు నుంచి వచ్చి జగదల్‌పూర్‌లో దుకాణం పెట్టుకున్నవాళ్ళం. పల్లెలవాళ్ళు తెచ్చే చింతపండు, ఇప్పపువ్వు, లక్క కొంటాం. ఉప్పు, బట్టలు అమ్ముతాం. దుకాణం వెనక ఇల్లు. ఇంటిని ఆనుకుని వీధి వైపు ఒక పెద్ద గది, దాని వెనక ఒక చిన్న గది. ఈ రెండు గదుల గురించే నా ఏడుపంతా.

ముందే ఒక మాట చెప్పాలి. నాకు పుట్టుకతో కోపం. అందరు పిల్లలూ పుట్టగానే ఏడుస్తారు, నేను మంత్రసానిని తిట్టానని మా అమ్మ చెప్పేది. తన కోపమే తన శత్రువు అంటారు గాని, అది అబద్ధం. ఆ రోజుల్లో నాకున్న ఒకే ఒక్క స్నేహితుడు నా కోపమే. వాణ్ణి ఎలా పోగొట్టుకున్నానో అదే ఈ కథ.

ఆ గదుల్లో ఒకాయన కిరాయికి ఉండేవాడు. పేరు చెప్పను. చెప్పకూడదు. ఎందుకు చెప్పకూడదో ముందు ముందు మీకే తెలుస్తుంది. అప్పటిదాకా మా వీధివాళ్ళు పిలిచినట్టే కోళ్ళాయన అందాం. ఆయన కోచియా, అంటే చుట్టుపక్కల సంతలన్నీ తిరిగి పల్లెవాళ్ళ దగ్గర సరుకు కొని పట్నంలో దుకాణాలకు అమ్ముకునే మనిషి. తన ఊళ్ళో మాట్లాడేది హల్బీ, బజారులో హిందీ, మాతో తెలుగు. ఏ భాషలోనైనా సరే, ఆయనకు కోపం అనే మాట రాదు. పెద్ద గదిలో ఆయన ఒక్కడే ఉండేవాడు. చిన్న గదిలో పందెం పుంజులు ఉండేవి.

పుంజులు! ఉల్లిపాయ కూడా కిటికీ మూసి తరిగే ఇల్లు మాది. అలాంటి ఇంటి గోడ అవతల నుంచి తెల్లవారకముందే కొక్కొరొకో అని ఒకటి, దానికి జవాబుగా ఇంకొకటి, ఆ రెంటికీ తీర్పు చెబుతూ మూడోది. నేను లేచి వెళ్ళి గోడ మీద గుద్ది అరిచేవాణ్ణి. నా అరుపు వినగానే మూడూ కలిసి అందుకునేవి. కొన్నాళ్ళకు మా వీధివాళ్ళు కోడి కూతకు లేవడం మానేశారు, నా కూతకు లేచేవారు.

"మన ఇంట్ల కోడికూతేందిరా? సుట్టాల ముందు తలెత్తుకోలేకపోతున్న," అని అమ్మ.

"నెల పుట్టంగనే కిరాయి తెచ్చి గల్లాపెట్టె మీద పెడుతున్నడు. గోడలు తనే అలుకుతున్నడు. గసుంటి మనిషి కోళ్ళు గాదు, ఏనుగును పెంచినా నాకేం ఫికర్ లేదు," అని నాయన.

అయ్యా, కిరాయికిచ్చేవాళ్ళకు నా మొదటి సలహా ఇదే. కిరాయి ఎగ్గొట్టేవాణ్ణి చూసి భయపడకండి. వాణ్ణి నలుగురిలో తిట్టవచ్చు, సామాను వీధిలో పెట్టవచ్చు, ఊరంతా మీ వైపే ఉంటుంది. సరిగ్గా తెచ్చి ఇచ్చేవాడే ప్రమాదం. వాణ్ణి బ్రహ్మదేవుడు కూడా కదిలించలేడు.

ఆ ఎండాకాలం భోపాలపట్నంలో నాకు పెళ్ళయింది. అమ్మాయి పేరు అనసూయ. పెళ్ళి పీటల మీద ఆ పిల్ల నన్ను ఒక్కసారి తలెత్తి చూసింది. అంతే, నా కోపం ఎక్కడికి పోయిందో చాలాసేపు కనబడలేదు. పిల్లను కాపురానికి పంపే మాట వచ్చేసరికి మా మామ మా నాయనతో అన్నాడు:

"బావా, ఏమనుకోకు. మీ నడింట్ల వచ్చేపోయే బేరగాళ్ళ మధ్యన మా పిల్ల ఉండలేదు. మొగుడూ పెండ్లాలకు విడిగ రెండు గదులు చూపియ్యి. ఆ నాడే బండి కట్టిస్త."

"రెండు గదులు ఉండనే ఉన్నయ్. వానలు పోంగనే తోలియ్యి," అని నాయన గంభీరంగా మాటిచ్చాడు. ఆ గదుల్లో మూడు పుంజులూ ఒక కోచియా ఉన్న సంగతి ఆయన నోట రాలేదు.

జగదల్‌పూర్ చేరగానే అడిగాను. "నాయినా, కోళ్ళాయనకు చెప్పు, గదులు ఖాళీ చెయ్యమని."

"నేను చెప్ప. ఏం తప్పు చేసిండని చెప్పాలె? నీ పెండ్లాం, నీ గది. నువ్వే చెప్పుకో."

వెళ్ళాను. తలుపు తన్నినంత పని చేశాను. "గదులు ఖాళీ చెయ్యి!"

కోళ్ళాయన ఎర్ర పుంజును ఒళ్ళో పెట్టుకుని దాని కాళ్ళకు నూనె రాస్తున్నాడు. "ఏంది చిన్న సేఠ్, గంత గుస్సా? కూసో. మంచినీళ్ళు తాగు."

"నా ఇంట్ల నువ్వు నాకు మంచినీళ్ళిచ్చేదేంది!"

"నీ ఇల్లే. నేను కాదన్ననా? ఇగో, ఈ పుంజును చూడు. దోర్నపాల్ సంతల గెలిచింది. మనిషి అరిస్తే దీనికి నిద్ర పట్టది. కొంచెం మెల్లగ మాట్లాడు."

"ఎప్పుడు పోతవో చెప్పు!"

"పెద్ద సేఠ్ పొమ్మంటే ఈ పూటే పోత."

"పెద్ద సేఠ్ పొమ్మనడు!"

"మరి పెద్ద సేఠ్ పొమ్మనకుండ నేను పోతే ఆయనకు బాధ గాదా?"

నేను మంచినీళ్ళు తాగి వచ్చేశాను. తాగినందుకు ఇప్పటికీ నా మీద నాకు మంటగానే ఉంది.

తిట్టి లాభం లేదని పనిలోకి దిగాను. మొదటి వానలు పడబోయే ముందు, ఆయన సంతకు పోయిన రోజు చూసి, ఇంటి కప్పెక్కి పెద్ద గది మీద పెంకులు వరుసగా లాగేశాను. ఆ మర్నాడే వాన. గది చెరువయింది. నేను దుకాణంలో కూర్చుని సంతోషంగా చింతపండు తూకం వేస్తున్నాను. మధ్యాహ్నానికి కప్పు మీద టకటక చప్పుడు. బయటికొచ్చి చూస్తే కోళ్ళాయన వానలో తడుస్తూ పెంకులు సర్దుతున్నాడు. తన గది ఒక్కటే కాదు, కొన్నేళ్ళుగా కారుతున్న మా వంటిల్లు కూడా. కింద నుంచి అమ్మ పెంకులు అందిస్తోంది!

"చూసినవారా? కిరాయికున్నోడు కప్పెక్కిండు, కడుపున పుట్టినోడు కూసొని చూస్తున్నడు," అంది అమ్మ. ఆ పెంకులు లాగిందే కడుపున పుట్టినవాడని ఆమెకు ఏం చెప్పను?

వానలు ముదురుతున్నాయి. అవి వెళ్ళేసరికి గదులు ఖాళీ కాకపోతే అనసూయ రాదు. నాకు అన్నం సయించడం మానేసింది. సరిగ్గా అప్పుడే, ఒకనాడు దుకాణం అరుగు మీద కూర్చుని కోళ్ళాయనే మా నాయనకు ఒక ముచ్చట చెబుతుంటే విన్నాను.

"మా ఊళ్ళ ఒకాయన తన గజామూంగ్‌కు పాలిచ్చే బర్రెను ఇచ్చేసిండు, పెద్ద సేఠ్. అడిగిండు, ఇచ్చిండు. గజామూంగ్ అడిగినంక లేదంటే ఇంక వాడు మనిషే గాదు."

గజామూంగ్ అంటే తెలియనివాళ్ళకు చెబుతాను. ఆషాఢంలో మా ఊళ్ళో గోంచా పండుగ, అంటే జగన్నాథుడి రథయాత్ర. అప్పుడు దేవుడికి నానబెట్టిన పెసలు నైవేద్యం పెడతారు. ఆ ప్రసాదం పేరే గజామూంగ్. ఇద్దరు మనుషులు దేవుడి ఎదుట ఆ ప్రసాదం ఒకరికొకరు తినిపించుకుంటే ఇక జన్మంతా అన్నదమ్ముల కన్నా ఎక్కువ. ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోకూడదు, గజామూంగ్ అనే పిలవాలి. ఒకరి మాట ఒకరు కాదనకూడదు. జన్మలో పోట్లాడుకోకూడదు.

ఒకరి మాట ఒకరు కాదనకూడదు! నా బుర్రలో దీపం వెలిగింది. దాని వెలుగులో మిగతా షరతులు కనబడలేదు. కొరివితో తల గోక్కునేవాడికి కూడా ముందు హాయిగానే ఉంటుంది కాబోలు.

వెంటనే వెళ్ళి గొంతులో తేనె పోసుకుని అడిగాను. "గోంచా నాడు మనిద్దరం గజామూంగ్ తిందమా?"

కోళ్ళాయన చేతిలోని పుంజు జారిపోయింది. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "చిన్న సేఠ్! నువ్వా? నాతోనా? ఇన్నాళ్ళు నా మీద గుస్సా అనుకున్న!"

"గుస్సా గాదు. ప్రేమ. జర గట్టిగ చెప్పిన, అంతే."

గోంచా రోజున వాన తుంపర. రథం చుట్టూ జనం. పిల్లా పెద్దా అందరి చేతుల్లో తుప్కీలు. వెదురు గొట్టంలో పచ్చికాయ పెట్టి ఠప్పుమని పేల్చే తుపాకులవి. మా వీధి పెద్దలు నలుగురు చుట్టూ నిలబడ్డారు. కోళ్ళాయన కొత్త పంచె కట్టుకొచ్చాడు. నేను పెసలు ఆయన నోట్లో పెట్టాను. ఆయన నా నోట్లో పెడుతుండగా ఎవడో తుప్కీ పేల్చాడు, కాయ వచ్చి నా చెవికి తగిలింది. "ఎవడ్రా వాడు!" అని అరవబోయాను. నోటినిండా ప్రసాదం. అరుపు, పెసలు కలిసి లోపలికి పోయాయి. ఆ రోజు లోపలికి పోయిన అరుపు మళ్ళీ సరిగ్గా బయటికి రాలేదు.

కౌగిలించుకున్నాం. పెద్దలు జై కొట్టారు. ఇంకా చేతులు కడుక్కోకముందే నేను అడిగేశాను. "గజామూంగ్, నాకొకటి కావాలె."

"అడుగు. ప్రాణం అడుగు."

"ప్రాణం వద్దు. గదులు ఖాళీ చెయ్యి."

"గింతేనా!" అన్నాడు. నిజంగా అంతే అన్నాడు. నేరుగా ఇంటికొచ్చాడు, సామానెత్తాడు, పొద్దుగూకక ముందే రెండు గదులూ ఊడ్చి, అలికి, తాళంచెవి నా చేతిలో పెట్టాడు. నేను ఆ తాళంచెవిని కళ్ళకద్దుకున్నాను. నా తెలివికి నాకే ముచ్చటేసింది. కాసేపయ్యాక దాహమేసి ఇంట్లోకి వెళ్ళాను. నడవలో, మా నాయన వాలుకుర్చీ పక్కన, కోళ్ళాయన చాప పరుచుకుంటున్నాడు. పెరట్లో మా ఆవు పక్కన మూడు పుంజులూ కట్టేసి ఉన్నాయి.

"ఏంది ఇది?"

"కిరాయికున్నోడు కిరాయి గదిల ఉంటడు. అన్నదమ్ములు ఒక ఇంట్ల ఉంటరు. గజామూంగ్ తిన్నంక నేను విడిగ ఉంటే ఊళ్ళ నిన్నేమంటరు? నీ పేరు పోదా?" అని, వంటింటి వైపు తిరిగి కేకేశాడు. "అమ్మా, నాకు అన్నం జర తక్కువ పెట్టు!"

నేను అమ్మ వైపు ఆశగా చూశాను. మా అమ్మ మడి సంగతి ఊరందరికీ తెలుసు. ఆ మడి వంటింటి గడప దగ్గర ఆగిపోయింది. ఆయనకు నడవలోనే విస్తరి వేసి, తక్కువ పెట్టకుండా ఎక్కువే పెట్టింది. "దేవుని ముందట తిన్నరు. ఇంక నాకు ఇద్దరు కొడుకులు," అంది. పుంజుల మాటేమిటని అడిగితే, "గవి దొడ్లె ఉన్నయ్, ఇంట్ల లేవు గద," అంది.

నాయన సంతోషానికి హద్దు లేదు. సేఠ్ కొడుకు పల్లెమనిషితో గజామూంగ్ తిన్నాడని సంతల్లో తెలిసి, సరుకంతా ముందు మా దుకాణానికే రాసాగింది. "ఎన్నడూ లేంది, ఒక్క తెలివైన పని చేసినవ్‌రా," అన్నాడు నాయన.

నా బాధ ఎవరికి చెప్పను? తిట్టాలంటే పేరు పెట్టకూడదు. పేరు లేకుండా తిడితే ఎవరిని తిట్టినట్టు? పోట్లాడితే దేవుడి దగ్గర దోషం, బజారులో పరువు తక్కువ. ఆయన నా చెప్పులు వేసుకుపోయినా "గజామూంగ్, చెప్పులు సరిపోయినయా?" అనాలి. కోపమంతా లోపలే ఉండిపోయి మజ్జిగలా పులిసింది. ఒక్కోసారి పెరట్లోకి వెళ్ళి ఆవును తిట్టేవాణ్ణి. అది నా ముఖం చూసి జాలిపడేది.

ఐనా ఓర్చుకున్నాను. గదులు ఖాళీ అయ్యాయి కదా, అనసూయ వస్తే చాలనుకున్నాను. దీపావళి వెళ్ళి దారులు ఎండగానే బయల్దేరాను. గీదం దాకా లారీ, అక్కణ్ణుంచి ఎడ్లబండి. మామతో ఛాతీ విరుచుకుని చెప్పాను. "మామా, రెండు గదులు. సున్నం కొట్టిచ్చుడే తరువాయి." ఆయన సంతోషించి బండి నిండా సారె పెట్టి పిల్లను పంపాడు. తిరుగుదారి పొడుగునా అనసూయకు ఆ గదుల గురించే చెప్పాను. పొయ్యి ఎక్కడ, పెట్టె ఎక్కడ, ఏ కిటికీ తెరిస్తే గాలి వస్తుంది. ఆమె ప్రతి మాటా శ్రద్ధగా వింది. "నాకు పెద్ద గది కిటికీ కాడ కూసుండాలె," అని ఒక్కటే కోరింది.

బండి మా ఇంటి ముందు ఆగింది. పెద్ద గది కిటికీ దగ్గర ఒకావిడ కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. లోపల మేకుకు పోలీసు చొక్కా వేలాడుతోంది. ఉయ్యాలలో పిల్లవాడు.

"ఎవరమ్మా మీరు?" అన్నాను.

"మేం కిరాయికున్నం. మీరెవరు?" అంది ఆవిడ.

నేనెవరో చెప్పడానికి నోరు తెరిచేలోగా కోళ్ళాయన పరుగెత్తుకొచ్చాడు. మొలలో తాళంచెవుల గుత్తి. "వచ్చిండు, నా గజామూంగ్! అమ్మా, కోడలు వచ్చింది, హారతి తే!"

"గజామూంగ్," అన్నాను. "ఆ గదిల ఎవరు?"

"హవల్దార్ సాబ్ ఇంటోళ్ళు. ఖాళీగ ఉంటే చెదలు పడతదని ఇచ్చిన. నాయిన తాళంచెవులు నా చేతిల పెట్టి చెప్పిండు, కిరాయిల సంగతి ఇంక నన్నే చూసుకొమ్మని."

దుకాణంలోంచి నాయన తల బయటికి పెట్టి చూశాడు. "నీ నోటికి ఏ కిరాయిదారుడు నిలుస్తడురా? మా పెద్దోడు మంచిగ చూస్తున్నడు."

పెద్దోడు! పుట్టినప్పటి నుంచి ఆ ఇంట్లో ఒక్కగానొక్క కొడుకుని నేను. ఊరికెళ్ళి వచ్చేసరికి చిన్నవాణ్ణయ్యాను. ఒళ్ళంతా మండిపోయింది. కోళ్ళాయన నా భుజం మీద చెయ్యి వేశాడు. "గుస్సా వద్దు గజామూంగ్. దేవుని ముందట తిన్నం."

అనసూయ బండి దిగి, తన పెట్టె మీద కూర్చుని, కొంగు సర్దుకుని మెల్లగా అడిగింది. "మరి మేమెక్కడుండాలె?"

"చిన్న గది మీ కోసమే ఉంచిన బిడ్డా! కడిగించిన, సున్నం కొట్టిచ్చిన. కానీ..." అని నా వైపు తిరిగాడు. "కిరాయి మాత్రం ఇయ్యాలె. నా కోసం గాదు. హవల్దార్ సాబ్ చూస్తున్నడు. నీకు ఊరికే ఇస్తే, ఆయన గూడ ఊరికే ఉంటనంటడు. పోలీసోన్ని అడిగేటోడెవడు? ఆయన ముందట మొదలు నువ్వియ్యి, సిగ్గుపడి ఆయన గూడ ఇస్తడు. నాయిన గూడ గిదే సై అన్నడు."

నా సొంత ఇంట్లో, పందెం పుంజులు ఖాళీ చేసిన గదికి, నా కిరాయిదారుడికి నేను కిరాయి ఇవ్వాలి. బజారంతా ఆగి చూస్తోంది. నేను అనసూయ వైపు చూశాను. ఆమె నన్ను అప్పుడు చూసిన చూపు పెళ్ళి పీటల మీది చూపు కాదు.

"ఇయ్యుండ్రి," అంది.

"ఏందీ?"

"కిరాయి ఇయ్యుండ్రి. ఎండకు ఎండి వచ్చిన. మీ దోస్తానాల ముచ్చట తర్వాత వింట. ముందు తలుపు తీయమనుండ్రి."

ఇచ్చాను. హవల్దారు కిటికీలోంచి చూస్తుండగా, రెండు చేతులతో ఇచ్చాను. బస్తర్ రాజ్యంలో సొంతింటికి కిరాయి కట్టిన యజమాని ఇంకెవడైనా ఉంటే చెప్పండి, వెళ్ళి కాళ్ళ మీద పడతాను. కోళ్ళాయన డబ్బు మొలలో దోపుకుని, తాళం తీసి, నాకు మాత్రమే వినబడేలా అన్నాడు:

"ఒక్క షరతు గజామూంగ్. గదిల అరవొద్దు. పక్క గది పిల్లగాడు ఉలిక్కిపడుతున్నడంటే హవల్దార్ సాబ్ ఖాళీ చేస్తడు. అరవకుండ ఉంటే నువ్వు ఎన్నేండ్లన్న ఉండు, నేనేమన."

తలుపు మూసుకుని, ఆ గది మధ్యలో నిలబడి, కుడిచెయ్యి పైకెత్తి దంతేశ్వరి తల్లి సాక్షిగా ప్రమాణం చేశాను. ఇక నా బొందిలో ప్రాణమున్నంత వరకు ఏ కిరాయిదారుడితోనూ స్నేహం చెయ్యను. వాడి చేతి మంచినీళ్ళు తాగను, వాడి చేతి ప్రసాదం తినను. దిగిన రోజు నుంచి ఖాళీ చేసే రోజు దాకా వాడితో కడుపునిండా, ధర్మబద్ధంగా పోట్లాడుతూనే ఉంటాను.

వీధి అదిరేలా చేయవలసిన ప్రమాణం అది. గోడ వైపు తిరిగి గుసగుసగా చేశాను. హవల్దారు కొడుకు అప్పుడే నిద్రలోకి జారాడని అనసూయ వేలు పెదవి మీద పెట్టి సైగ చేస్తోంది.